నాన్న తరఫున మాట్లాడేవాళ్ళు

పోయిన వారం సంచికలో నేనూ మా అక్కా మా ఇంటి గేటు దగ్గర నిలబడి ఉండగా కథ ఆగింది. క్లబ్బు వాళ్ళు ఊరంతా అంటించిన పోస్టరు మీద నా పేరూ అక్క పేరూ పక్కపక్కనే ఉన్నాయి. ఇక నయం కాని జబ్బుతో ఉన్న మనిషి తనంతట తాను అడిగితే, డాక్టరు ఆ ప్రాణాన్ని ముగించడానికి వీలిచ్చే చట్టం గురించి రాజధాని మోంతెవిదేయోలో పార్లమెంటు ఓటు వెయ్యబోతోంది. దాని మీద మా మెలో ఊళ్ళో బహిరంగ చర్చ. కావాలనే వైపు నేను, నిబియా కార్డోసో, హైస్కూల్లో భూగోళం చెప్పే టీచర్ని. వద్దనే వైపు మా అక్క జుల్మా, పాస్టరు విల్మార్ గారి భార్య.

ఇద్దరం మాట్లాడబోయేది మాత్రం ఒక్క మనిషి గురించే. మా నాన్న ఎడిసన్. జిల్లా మొత్తం మీద పశువుల వేలం ఎక్కడ జరిగినా పాట పాడిన గొంతు ఆయనది. ఒంట్లో కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోయే జబ్బు వచ్చి మొట్టమొదట ఆ గొంతునే తీసుకుపోయింది. తర్వాత చేతులు, ఆ తర్వాత కాళ్ళు. ఇప్పుడు కళ్ళు మిగిలాయి.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక చర్చ మొదలైంది. బయట వాన. క్లబ్బు హాలంతా తడిసిన ఉన్ని వాసన. మామూలుగా అక్కడ పెళ్ళి విందులూ పేకాట పోటీలూ జరుగుతాయి. కుర్చీలు చాలక జనం గోడలకి ఆనుకుని నిలబడ్డారు. సగంమందికి మాతే టీ ఫ్లాస్కు చంకలో ఉంది. ఒకరు తాగి పక్కవాళ్ళకి అందిస్తున్నారు, చట్టానికి అటువాళ్ళా ఇటువాళ్ళా అని చూడకుండా.

పొద్దున్నే రేడియోలో వర్షపాతం, చావుకబుర్లు చదివే ఎబెర్ తెచేరా చర్చ నడిపిస్తున్నాడు. రేడియోలో ప్రత్యక్ష ప్రసారం కూడా ఉంది. ఇంట్లో నాన్న తలగడ పక్కన రేడియో పెట్టి వచ్చాను. రోసానా ఆయన దగ్గర ఉంది. రోసానా అంటే నేను కాపురం చేస్తున్న మనిషి. ఊళ్ళో అందరికీ తెలుసు.

ముందు నన్ను మాట్లాడమన్నారు. స్వేచ్ఛ, గౌరవం, మనిషి తన చివరి రోజుల మీద తనకుండే హక్కు, అన్నీ రాసుకొచ్చాను. చదివాను. నా గొంతు నాకు వినిపిస్తోంది గాని, క్లాసులో పాఠం ఒప్పజెప్తున్న పిల్లదాని గొంతులా ఉంది. కాగితం అయిపోగానే చప్పట్లు కొట్టారు. కూర్చున్నాను. కొన్ని నెలలుగా నాకు ఇదే అలవాటైంది. జరగాల్సినవి జరుగుతుంటాయి, నేను అక్కడ ఉంటాను, అంతే.

అక్క కాగితం తెచ్చుకోలేదు. గులాబీరంగు స్వెట్టర్ వేసుకుంది, పొద్దున నాన్నకి ఒళ్ళు తుడిచినప్పటి తడి దాని మోచేతుల దగ్గర ఇంకా ఆరలేదు. లేచి నిలబడి నావైపు తిరిగింది, జనంవైపు కాదు.

"నిబియా, ఒక్కటే అడుగుతాను. నాన్న చచ్చిపోతానని నీకు చెప్పాడా?"

"చెప్పాడు," అన్నాను.

"ఎలా చెప్పాడు?"

"ఎలా చెప్తాడక్కా, అక్షరాల పలక మీద."

"అక్షరాలు కూర్చి చెప్పాడా? తనంతట తాను? లేకపోతే 'నాన్నా, నీకు విసుగొచ్చిందా, చాలనిపిస్తోందా' అని నువ్వడిగితే కళ్ళు పైకెత్తాడా?"

హాల్లో ఎవరో దగ్గారు. 

"నేను సూపు కావాలా అన్నా కళ్ళెత్తుతాడు," అంది అక్క. "పాట పెట్టనా అన్నా ఎత్తుతాడు. మనం ఏది అడిగితే అది ఔనంటాడు ఆయన, మనల్ని కష్టపెట్టడం ఇష్టంలేక. నువ్వు నీ ప్రశ్న ఆయన నోట్లో పెట్టి దాన్నే తెచ్చి ఇక్కడ అందరికీ పంచుతున్నావు. హక్కు అంటున్నావు. ఎవరి హక్కు? ఆయనదా, మనదా? ఇలా చూడలేకపోతున్నది ఆయనా, మనమా?"

ఈసారి చప్పట్లు అటువైపు నుంచి వచ్చాయి. నాకు కోపం రావాలి. రాలేదు. అక్క అడిగింది నిజమే. ఆ ప్రశ్న నేనే అడిగాను. నాన్న తనంతట తాను ఎప్పుడూ ఆ మాట కూర్చలేదు. దానికి ఏం జవాబు చెప్పాలో ఆలోచిస్తుండగానే వెనక వరసలోంచి అపరీసియో గారు లేచారు. పెద్ద రైతు, వెయ్యి ఎకరాల ఆసామి. నాన్న ఆయన పశువుల్ని ఎన్నిసార్లు వేలం వేశాడో లెక్కలేదు.

"నాకు ఈ పెద్ద పెద్ద మాటలు రావు," అన్నారు. "కాని వరస చూస్తున్నాను. మొదట కడుపులు తీయించుకోవడానికి చట్టం అన్నారు. తర్వాత ఆడా ఆడా పెళ్ళి చేసుకోవచ్చన్నారు. ఇప్పుడు ముసలాళ్ళని పంపించేస్తామంటున్నారు. పుట్టనివ్వరు, పుట్టినవాళ్ళని ఉండనివ్వరు. పైగా ఇది మాకు చెప్పేదెవరు? ఇంట్లో ఇంకో ఆడదాన్ని పెట్టుకుని కాపురం చేసే మనిషి! ఈవిడా మాకు నీతి చెప్పేది?"

కొందరు నవ్వారు. కొందరు "సిగ్గు లేదా" అని అరిచారు, ఆయన్నో నన్నో. ఎబెర్ మైకు గోకుతూ "పెద్దాయనా, విషయానికి రండి" అంటున్నాడు. నేను బల్లమీద నీళ్ళ గ్లాసు చూస్తున్నాను. దాని అంచుకి ఎవరిదో లిప్‌స్టిక్ మరక ఉంది. సరిగ్గా కడగలేదు.

అక్క ఎబెర్ చేతిలోంచి మైకు లాక్కుంది.

"అపరీసియో గారూ, మా చెల్లెలు ఎవరితో పడుకుంటుందో దాని గురించి నాకూ దేవుడికీ మధ్య బోలెడు మాటలు నడుస్తున్నాయి. ఇరవై ఏళ్ళుగా నడుస్తూనే ఉన్నాయి. మీరు మధ్యలో దూరకండి. ఆ రోసానాయే ఇప్పుడు మా నాన్నకి పక్క మారుస్తోంది. మీ ముగ్గురు కొడుకుల్లో ఒక్కడైనా మీ పక్క మారుస్తాడేమో ఇంటికెళ్ళి అడగండి. కూర్చోండి."

హాలంతా గొల్లున నవ్వింది. ఆయన కూర్చున్నారు.

వెంటనే నా వైపు కూర్చున్న పడుచు లాయరమ్మాయి ఒకతె, మోంతెవిదేయో నుంచి వచ్చింది, నవ్వు ఆగకముందే లేచింది. "మీ దేవుణ్ణి మా పడకగదుల్లోంచి తీశాం, ఇప్పుడు మా శవపేటికల్లోంచి కూడా తీస్తాం," అంది అక్కకేసి వేలు చూపిస్తూ. మా వాళ్ళు ఈలలు వేశారు. నేను ఈల వెయ్యలేదు. మా అక్క మోచేతుల దగ్గర తడి చూస్తున్నాను.

ఎబెర్ తెలివైనవాడు. గొడవ పెద్దదవుతుందనుకున్నాడో, ఇంకా రక్తి కట్టాలనుకున్నాడో, మెత్తగా అడిగాడు: "జుల్మా గారూ, మీ అమ్మ నెల్లీ గారు కూడా చాలా బాధపడి పోయారు కదా. ఆ రోజుల్లో, ఒక్కసారైనా, ఇలాంటి చట్టం ఉంటే బావుండునని మీకనిపించలేదా?"

అక్క నోరు తెరిచింది. మూసింది. ఎంత పెద్ద సభలోనైనా తడుముకోకుండా ప్రార్థన చేయించే మనిషి.

"అమ్మ టైము వచ్చింది," అంది చివరికి. "వెళ్ళిపోయింది."

గ్లాసు ఎత్తి నీళ్ళు తాగింది. ఆ తర్వాత చర్చ అయ్యేదాకా మళ్ళీ మాట్లాడలేదు. విల్మార్ బావ లేచి ఆమె బదులు వాక్యాలు చదివాడు. లాయరమ్మాయి ఇంకేవో దేశాల సంగతులు చెప్పింది. నాకేమీ గుర్తులేదు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. వాన పడ్డ రోజు కాబట్టి రోసానా తోర్తా ఫ్రీతాలు వేయిస్తోంది. ఇల్లంతా నూనెలో వేగిన పిండి వాసన. నాన్న వాటిని తినలేడు. వాసన చూస్తాడని వేయిస్తుంది. తలగడ పక్కన రేడియోలో ఫుట్‌బాల్ వస్తోంది. కట్టేశాను.

"అంతా విన్నాడు," అంది రోసానా, చేతులు తుడుచుకుంటూ. "అపరీసియో దగ్గర నవ్వాడు. నవ్వినట్టే ఉంది నాకు."

అక్క వంటింటి తలుపులోంచి వచ్చింది. మా రెండిళ్ళకీ మధ్య ఒకటే గోడ. రోజూ ఈ వేళకి నాన్నకి సూపు పట్టేది తనే. చిక్కగా చేసిన సూపు, చెంచా అంచుతో, గొంతుకి అడ్డం పడకుండా. నేను పడితే దగ్గు వస్తుంది. అక్క పడితే రాదు. రోసానా మా ఇద్దరి మొహాలూ చూసి, "పొయ్యి మీద నూనె ఉంది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అక్క నాన్న మెడ కింద తువ్వాలు పరిచింది. ఒక చెంచా పట్టింది. మింగేదాకా ఆగింది. నేను మంచం అవతలివైపు కుర్చీలో కూర్చున్నాను.

"నాకు జవాబు చెప్పడం రాలేదనుకుంటున్నావు కదూ," అన్నాను. "నువ్వన్నది నిజమే. నేనే అడిగాను. సరే. మరి నువ్వెందుకు ఆగిపోయావు, అమ్మ మాట వచ్చేసరికి?"

"అలిసిపోయాను."

"నువ్వా?"

ఇంకో చెంచా. నాన్న గొంతు కదిలింది. అక్క తువ్వాలు అంచుతో ఆయన మూతి తుడిచి, నావైపు చూడకుండా చెప్పింది.

"ఆ రోజు నువ్వు స్కూల్లో ఉన్నావు. అమ్మ అరవడం మానేసింది. అరిచినన్నాళ్ళూ ఓర్చుకున్నాను. మానేసి మూలగడం మొదలుపెట్టింది, చలికి బయటపడేసిన కుక్కపిల్లలాగా. అప్పుడు నావల్ల కాలేదు. డాక్టరు వచ్చాడు. వరండాలో ఆయన చెయ్యి పట్టుకున్నాను. 'మళ్ళీ లేవకుండా చెయ్యండి' అన్నాను. నొప్పి తగ్గించండి అనలేదు నిబియా. ఆ మాట అని ఉంటే ఇవాళ ఇంకోలా ఉండేది. 'మళ్ళీ లేవకుండా చెయ్యండి.' ఆయన నాకేసి చూడలేదు. లోపలికెళ్ళి సూది వేశాడు. చీకటి పడకముందే పోయింది."

సూపు మీద మీగడ కడుతోంది. దాన్నే చూస్తున్నాను.

ఆ సాయంత్రం స్కూలు నుంచి పరిగెత్తుకొచ్చినప్పుడు అక్క వాకిట్లో ఎదురొచ్చి, "నిద్రలోనే వెళ్ళిపోయిందే, దేవుడు దయ చూపించాడు" అని నన్ను కావిలించుకుంది. ఆ మాట మీదే ఆరేళ్ళుగా నేను బతుకుతున్నాను.

"బావకి తెలుసా?"

"ఎవరికీ తెలీదు. ఆ డాక్టరు బ్రెజిలు వెళ్ళిపోయాడు. అక్కడే పోయాడట."

"మరి ఇంత చేసి, ఇవాళ అంతమంది ముందు నిలబడి..."

"చేశాను కాబట్టే నిలబడ్డాను." మొదటిసారి గొంతు పెంచింది. నాన్న ఉన్నాడని గుర్తొచ్చి తగ్గించింది. "నీకు అదొక అభిప్రాయం. పుస్తకాలు చదివావు, ఒక వైపు ఎంచుకున్నావు. నాకు అది ఈ చేత్తో జరిగిన పని. ఆ మాటకి నన్నెవరూ శిక్షించలేదు. ఎవరూ క్షమించలేదు కూడా. ఎవరికీ తెలిస్తే కదా. రేపు మీ చట్టం వస్తుంది. నాలాంటి వాళ్ళందరికీ 'ఇందులో తప్పేం లేదమ్మా' అని చెప్పి పంపించేస్తారు. తప్పే లేదంటే ఇక నేనెక్కడికి పోను? ఎవర్ని క్షమించమని అడగను?"

"చట్టం లేకపోబట్టే కదా నువ్వు వరండాలో దొంగలాగా అడగాల్సి వచ్చింది! అమ్మని అడిగావా? అమ్మకి కావాలో వద్దో ఎవరన్నా అడిగారా? అదే కదా నేనంటున్నది!"

"అడగలేదు," అంది అక్క. "అమ్మని అడగలేదు."

 ఇంకా చెప్పుకోవలసింది ఏమీ మిగల్లేదనిపించింది. వాన చూరు మీద పడుతోంది. వంటింట్లో నూనె చిటపటలు ఆగిపోయాయి, రోసానా పొయ్యి కట్టేసినట్టుంది. ఏడుపు వస్తే బావుండునని నాకు తెలుస్తోంది. నా చెయ్యి తిమ్మిరెక్కినప్పుడు ఎలా ఉంటుందో, మనిషంతా అలా ఉంది.

అప్పుడు నాన్న గొంతులోంచి శబ్దం వచ్చింది. పక్క తడిసినప్పుడో, ఊపిరి ఆడనప్పుడో చేసే శబ్దం. అక్క దుప్పటి ఎత్తి చూసింది. పొడిగానే ఉంది. నాన్న కళ్ళు గోడకి తగిలించిన పలక మీద ఉన్నాయి.

"పలక కావాలా?" అనబోయి ఆపుకున్నాను. మళ్ళీ నేనే అడిగినట్టవుతుంది. తీసి ఎదురుగా పట్టుకున్నాను. వరసల మీద వేలు పెట్టి జరపడం, సరైన చోట ఆయన కళ్ళు పైకెత్తడం, ఆ వరసలో మళ్ళీ అక్షరం అక్షరం. వేలంలో ఒక్క ఊపిరిలో పది పశువుల ధర పాడిన మనిషి ఇప్పుడు ఒక్క మాటకి ఎంతసేపో.

మొదటి మాట: *కాదు.*

రెండోది: *నువ్వు.*

"నేనా? నేనేం కాదు నాన్నా?" అంది అక్క.

*నెల్లీ.* అమ్మ పేరు.

నేను వేలు జరుపుతున్నానంతే.

*పొద్దున. తాగేసింది.*

అక్క చేతిలో చెంచా గిన్నెలోకి జారింది.

*దాచుకుంది. నొప్పి మందు. అంతా.*

"ఎప్పుడు?" అంది అక్క. "నేను రాకముందా? డాక్టరు రాకముందా?"

కళ్ళు పైకి లేచాయి. ఔను.

*గ్లాసు. నేను పట్టా.*

నాన్న కళ్ళలోంచి నీళ్ళు చెంప మీదుగా చెవిలోకి కారాయి. ఆయన తుడుచుకోలేడు. అక్క కూడా తుడవలేదు. ఆ సాయంత్రం సూది పడింది ఎలాగూ వెళ్ళిపోతున్న మనిషికి. ఎవర్నీ అడక్కుండా, ఎవరికీ చెప్పకుండా, అమ్మ తన పని తనే చేసుకుపోయింది. చివరి గుక్క దాకా నాన్న ఆమెకి గ్లాసు పట్టాడు. అదే ఇంట్లో, అదే రోజు, వరండాలో నిలబడి అక్క ఇంకొకర్ని బతిమాలుకుంది. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఆరేళ్ళు ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నారు.

"చెప్పచ్చు కదా నాన్నా," అంది అక్క. గొంతులో ఏమీ లేదు, కోపం కూడా లేదు. "ఆరేళ్ళు. నేను రాత్రిళ్ళు... ఒక్కసారి చెప్పచ్చు కదా."

*నీ మాట. ఇవాళే. విన్నా.*

నిజమే. అక్క ఆ సంగతి నాన్నకి ఎప్పుడు చెప్పింది? గొంతు ఉన్న రోజుల్లో ఆయన దాచుకున్నాడు, ఈవిడా దాచుకుంది. సిగ్గు ఇద్దరిదీ ఒకటే.

పలక దించబోయాను. నాన్న కళ్ళు దాని మీదనుంచి కదల్లేదు. ఇంకా ఉంది. మళ్ళీ ఎత్తి పట్టుకున్నాను. ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఊపిరి కూడా గట్టిగా తీసుకోలేదు, అదొక సూచన అవుతుందేమోనని.

*నాకూ.*

మధ్యాహ్నం హాల్లో అక్క అడిగిన ప్రశ్నకి జవాబు ఇది. తనంతట తానే, అక్షరం అక్షరం. నేను గెలిచాననుకోవాలి. అటువంటిదేమీ అనిపించలేదు.

*నిబియా. కాదు.*

నా వేలు వరస మీదే ఆగింది. మళ్ళీ జరిపాను.

*గ్లాసు. జుల్మా. పట్టాలి.*

 అక్క నా చేతిలోంచి పలక లాక్కుంది.

"నువ్వు సరిగ్గా చదవలేదు," అంది.

"చదివాను అక్కా."

"నీకు చదవడం రాదు. లే అక్కణ్ణుంచి."

లేచాను. నా కుర్చీలో కూర్చుంది. పలక తన మోకాళ్ళ మీద నిలబెట్టి, నాన్న మొహానికి సూటిగా జరిపింది. అప్పుడే వీధి వైపు అడుగుల చప్పుళ్ళు, గొడుగులు దులపడం వినిపించాయి. వరండాలో చాలామంది ఉన్నారు. విల్మార్ బావ గొంతు, ఉత్సాహంగా:

"జుల్మా! చర్చిలోంచి అందరం వచ్చేశాం, నాన్నగారి కోసం ప్రార్థన చేద్దాం! లోపలికి రావచ్చా?"

ఎవరో అప్పుడే పాట ఎత్తుకున్నారు. అక్క తల తిప్పలేదు.

"నిబియా, తలుపు గడియ పెట్టు."

వెళ్ళి గడియ పెట్టాను. అవతల బావ తలుపు తోసి, తోసి, మళ్ళీ పిలిచాడు. వెనక అక్క మొదటి వరస మీద వేలు పెట్టి, చిన్నప్పుడు నాకు అక్షరాలు నేర్పిన గొంతుతో అంటోంది:

"మొదట్నుంచి చెప్పు నాన్నా. నాతో చెప్పు."